తవుడుకి కొన్న వీరుడు

ఆవకాయ కలిపే రోజున ఇంట్లో ఎవరూ గట్టిగా అరవకూడదని మా అత్తగారు అనేవారు. ఎందుకో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. మొన్న వైశాఖంలో మాత్రం ఆ నియమం మా ఇంట్లో నిలవలేదండీ. అరిచింది ఎవరో కాదు, నేనే!

సంగతేమిటో చెబుతాను వినండి. మాది నూజివీడు. 2022 నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్ళాం గానీ, మా తరం వాళ్ళ నోటికి ఇంకా కృష్ణాజిల్లా అనే వస్తుంది. జిల్లా ఏదైతేనేం, ఎండాకాలం వచ్చిందంటే మా ఊళ్ళో ప్రతి ఇంటా మామిడికాయదే రాజ్యం. ఒక గదిలో పచ్చళ్ళ కాయ, ఇంకో గదిలో ఎండుగడ్డిలో మాగేసిన పండు. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి... అడుగు తీసి అడుగు వేయడానికి చోటుండదు.

ఆ రోజు పొద్దున్నే కాయలు కొట్టించి, జీడి తీసి, ముక్కలు తుడిచి, పెద్ద పళ్ళెంలో ఆవపిండీ కారం ఉప్పూ కలుపుతున్నాను. మోచేతుల దాకా కారం. ఇంతలో వెనక గదిలోంచి ధబ్బుమని చప్పుడు, ఆ వెంటనే "అమ్మో" అని పిల్లాడి ఏడుపు.

పరుగెత్తి చూద్దును కదా, మా మనవడు మంచం మీంచి గడ్డిలోకి దూకాడు. వాడొక్కడే దూకినా బాగుండును. పక్కింటి అబ్బాయిని నడుం దగ్గర వాటేసుకుని మరీ దూకాడు! గడ్డి కింద మాగుతున్న రెండు డజన్ల చిన్న రసాలు అక్కడికక్కడే రసమైపోయాయి. పక్కింటివాడి మోచెయ్యి గీరుకుపోయింది. మావాడేమో రెండు చేతులూ పైకెత్తి జపాను భాషలో ఏదో కేక పెడుతున్నాడు.

ఆ కారం చేతులతో వాణ్ణి పట్టుకోలేను, కొట్టలేను. అందుకే అరిచాను. వీధి చివరి వరకూ వినపడేలా అరిచాను.

మా అమ్మాయి, అల్లుడు జపాన్‌లో టోక్యోలో ఉంటారు. ఇద్దరిదీ కంప్యూటర్ల ఉద్యోగమే. రెండో కాన్పుకి అమ్మాయి మాఘమాసంలోనే పుట్టింటికి వచ్చేసింది, పెద్దవాణ్ణి వెంటబెట్టుకుని. వాడికి ఐదు నిండాయి. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడడం మాత్రం ముక్కలు ముక్కలుగా మాట్లాడతాడు. తనకి తోచకపోతే చూసుకుంటాడని వాళ్ళ నాన్న ల్యాప్‌టాప్‌లో కొన్ని బొమ్మల సినిమాలు వేసి పంపించాడు. అల్లుడి ఆఫీసులో పనిచేసే ఒక జపానాయన, తన చిన్నప్పుడు ఊగిపోయి చూసిన సినిమాలట, డిస్కులు దాచుకున్నవి మావాడికి ఇచ్చాడట. పేరు 'కిన్నికుమాన్'. కిన్నికు అంటే వాళ్ళ భాషలో కండ. అంటే కండల వీరుడన్నమాట. ముసుగులు వేసుకున్న మల్లులు గోదాలోకి దిగి ఒకళ్ళనొకళ్ళు ఎత్తి కుదేస్తూ ఉంటారు. మావాడు ఆ రోజు గడ్డిలో చేసిన విన్యాసం అందులోదే.

ఇంకేం, ఆ ల్యాప్‌టాప్ తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి బొడ్లో దోపుకున్నాను. పక్కింటి అమ్మాయి దగ్గరికి వెళ్ళి, "తప్పయిపోయిందమ్మా" అని నాలుగు మంచి పళ్ళు చేతిలో పెట్టి వచ్చాను. "అయ్యో, పిల్లలన్నాక మామూలే పిన్నిగారూ" అంది గానీ, ఆ రోజంతా వాళ్ళ అబ్బాయిని గుమ్మం దాటనివ్వలేదు. ఏ తల్లయినా అంతే కదా!

మీరే చెప్పండి, నా స్థానంలో మీరుంటే ఏం చేసేవారు? ఇలాంటి దెబ్బలాటల బొమ్మలు చూడడం వల్లే పిల్లలు చెడిపోతున్నారని మనం ఎన్నిసార్లు అనుకోలేదు? నేను కూడా అదే అనుకున్నాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

ఆ రాత్రి వాడు అన్నం తినలేదు. పప్పూ నెయ్యీ కలిపి, మామిడిపండు ముక్కలు పెట్టి బతిమాలినా నోరు విప్పలేదు. రెండో రోజూ అంతే. అరుగు మీద కూర్చుని, జేబులోంచి చిన్న చిన్న రబ్బరు బొమ్మలు తీసి వరసగా నిలబెట్టడం, మళ్ళీ జేబులో వేసుకోవడం. మధ్యలో మావారి దగ్గరికి వెళ్ళి, "తాతయ్యా, తవుడు కిలో ఎంత?" అని అడిగాడట. మావారు పేపర్లోంచి తల ఎత్తకుండానే ఏదో రేటు చెప్పారట. "మీ మనవడికి వ్యాపారం వంటబట్టినట్టుందే!" అని నాతో చెప్పి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ఆ రాత్రి హైదరాబాదు నుంచి అబ్బాయి ఫోన్ చేస్తే జరిగిందంతా చెప్పాను. వాడు కాసేపు ఊరుకుని, "అమ్మా, నా కుస్తీ కార్డులు గుర్తున్నాయా?" అన్నాడు.

గుర్తులేకేం! 1990లలో, కేబుల్ టీవీ ఊళ్ళోకి వచ్చిన కొత్తల్లో, మగపిల్లల జేబుల నిండా అవే. అమెరికా వస్తాదుల బొమ్మలు, వాళ్ళ ఎత్తూ బరువూ అచ్చేసిన కార్డులు. చదువు పాడవుతోందని ఒకరోజు కట్టకి కట్ట తీసుకెళ్ళి నీళ్ళ కాగు కింద పొయ్యిలో పెట్టాను. వాడు ఏడవలేదు. చూస్తూ నిలబడ్డాడు.

"వాటిల్లో సగం నావి కాదమ్మా, మా స్నేహితుడివి. ఒక్క రోజు ఉంచుకుంటానని తెచ్చాను. వాడికి ఏం చెప్పాలో తెలియక రెండు నెలలు వాళ్ళ వీధిలోకి వెళ్ళడమే మానేశాను" అన్నాడు.

"మరి అప్పుడే చెప్పలేదేంరా?"

"నువ్వు అడగలేదుగా!"

నవ్వుతూనే అన్నాడు లెండి. అయినా ముప్ఫై ఏళ్ళ నాటి ఆ కాగు సెగ ఇప్పుడు తగిలినట్టయింది నాకు.

మూడో రోజు వచ్చింది. మీకు తెలియనిదేముంది, ఆవకాయ కలిపిన మూడో నాడు జాడీ తెరిచి తిరగ కలపాలి. ఊట ఎలా వచ్చిందో చూసి, ఉప్పు చాలకపోతే వేసి, నూనె తగ్గితే పోయాలి. నేనైతే అప్పుడే కొంచెం విడిగా తీసి వెల్లుల్లి ఆవకాయ చేస్తాను. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక చాప వేసుకుని వెల్లుల్లి రేకలు ఒలుస్తూ కూర్చున్నాను. మావాడు మెల్లిగా వచ్చి పక్కన కూర్చున్నాడు. ఒక రేక తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అమ్మమ్మా, ఇది తింటే కిన్నికుమాన్ పెద్దవాడు అయిపోతాడు. ఇంత!" అని చేతులు చాపి ఇంటి కప్పు చూపించాడు.

"వెల్లుల్లి తినా?" అన్నాను.

"ఊఁ. తిని పెద్దగా అవుతాడు. తర్వాత..." అని ఆగి, వాడు ఎలా ఎగురుతాడో నా చెవిలో చెప్పాడు. ఎలాగంటారా? వెల్లుల్లి తిన్నవాడి కడుపులోంచి వచ్చే గాలితోనటండీ! నేను ఆపుకోలేక నవ్వేశాను. మూడు రోజుల తర్వాత వాడూ నవ్వాడు. చేతులు కడుక్కుని, బొడ్లో తాళంచెవి తీసి బీరువా తెరిచాను. "పద, నీ కండల వీరుణ్ణి నాకూ చూపించు. నాకు భాష రాదు, నువ్వే చెప్పాలి" అన్నాను. వాడి మొహం చూడాల్సింది!

అమ్మాయి మంచం మీద దిండుకి ఆనుకుంది. నేను కింద కూర్చున్నాను. మధ్యలో వాడు. వాడు చెప్పగలిగింది వాడు చెప్పాడు, మిగతాది అమ్మాయి చెప్పింది. ఆ రెండూ కలిపి మీకు చెబుతున్నాను.

ఈ కథ రాసి బొమ్మలు గీసినవాళ్ళు ఇద్దరు. జపాన్‌లో ఒసాకా వాళ్ళు, చిన్ననాటి స్నేహితులు. కథ షిమాదా అనే ఆయనది, బొమ్మలు నకాయి అనే ఆయనవి. ఇద్దరూ కలిసి పెట్టుకున్న కలం పేరేమిటో తెలుసా? 'యుదేతమాగో'. అంటే ఉడకబెట్టిన కోడిగుడ్డు! మన వంటల పేజీకి తగిన పేరే కదూ? 1979లో ఒక పిల్లల వారపత్రికలో ఈ కథ మొదలుపెట్టేనాటికి ఇద్దరికీ పద్ధెనిమిదేళ్ళు. 1987 దాకా అప్పట్లో వారం వారం గీశారు. దాదాపు పాతికేళ్ళు గడిచాక, 2011లో, ఆ పాత కథనే మళ్ళీ అందుకుని కొనసాగించారు. 1983లో టీవీలో బొమ్మల ధారావాహిక అయింది. 1984 నుంచి 1986 దాకా ఏడు సినిమాలొచ్చాయి. ఒక్కోటీ ఇంచుమించు గంట లోపే. తీసినవాళ్ళు తోయె అనే పెద్ద సంస్థ. అక్కడ పిల్లలకి బళ్ళు సెలవులిచ్చే రోజుల్లో, వసంతానికీ వేసవికీ చలికాలానికీ, నాలుగైదు బొమ్మల సినిమాలు కలిపి ఒకే టిక్కెట్టు మీద హాళ్ళలో ఆడించేవారట. మనం సంక్రాంతికి పిల్లల్ని సినిమాకి తీసుకెళ్ళినట్టు, అక్కడి తల్లులు వాళ్ళ పిల్లల్ని ఈ ఆటలకి తీసుకెళ్ళారన్నమాట. ఇంకో ముచ్చట చెప్పనా? కథలో వచ్చే మల్లుల్లో చాలామందిని ఊహించి బొమ్మలు వేసి పంపింది పత్రిక చదివే పిల్లలే! ఆ ఇద్దరూ వాటిల్లోంచి ఏరుకుని కథలో కలుపుకునేవారు. మావాడి జేబులోని రబ్బరు బొమ్మలు కూడా వాళ్ళవే. ఆ మల్లులవి నాలుగు వందల పైచిలుకు బొమ్మలు చేశారట. నాణెం వేసి మీట తిప్పితే డబ్బాలోంచి ఒకటి రాలిపడేది. ఏది వస్తుందో ఎవరికీ తెలియదు.

మొదట 1984 నాటి సినిమా చూశాం. మన వీరుడు గెలుచుకున్న పట్టాన్ని ఎవరో ఎత్తుకుపోతారు. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి వీడు స్నేహితులతో బయల్దేరతాడు. అదీ కథ. మన జానపద సినిమాల్లో రాకుమారుడు బయల్దేరినట్టే ఉంది కదూ?

నేనేమో వీరుడంటే మన ఎస్వీ రంగారావు ఘటోత్కచుడిలా గద భుజాన పెట్టుకుని గర్జిస్తాడనుకున్నాను. వీడు చూడబోతే పిరికిపంద! గోదాలోకి దిగమంటే కాళ్ళు వణుకుతాయి, పారిపోవడానికి దారి వెతుకుతాడు. పెదాలు లావు, నుదుటి మీద మాంసం అనే అర్థమొచ్చే అక్షరం. మాంసం పరిచిన అన్నం గిన్నె కనిపిస్తే లోకం మర్చిపోతాడు. తోటి వీరులు నవ్వుతారు, వీధిలో పిల్లలు కూడా నవ్వుతారు. ఇలాంటివాడు అసలు ఎలా గెలుస్తాడా అని నేను కూడా ముందుకి జరిగి కూర్చున్నాను.

ఎలా గెలుస్తాడంటే, తన కోసం అయితే పారిపోతాడు. పక్కవాడి ప్రాణం మీదికొస్తే మాత్రం కదలడు. అప్పుడు ఎక్కడ లేని బలం వస్తుంది. దానికి వాళ్ళ భాషలో ఒక పేరుంది. ఇల్లు అంటుకున్నప్పుడు మనిషికి పుట్టుకొచ్చే బలం అని అర్థమట. ఆ మాట అమ్మాయి చెప్పగానే నాకు మా అత్తగారు గుర్తొచ్చారు. నీళ్ళగదిలో ఆవిడ జారిపడ్డ రోజున, బక్కపలచని నేను ఒక్కదాన్నే ఆ భారీ మనిషిని ఎత్తి మంచం మీదికి చేర్చాను. మర్నాడు బియ్యం బస్తా జరపబోతే జరగలేదు! ఇది మన ఆడవాళ్ళకి తెలియని బలమా చెప్పండి?

ఇంకోటి కూడా గమనించాను. ఓడినవాణ్ణి వీడు వదిలేయడు. బఫెలోమాన్ అని ఒకడున్నాడు, తలకి ఇంతింత కొమ్ములు. మహిషాసురుడేమో అనుకున్నాను. మొదట్లో దుష్టుల జట్టులో ఉండి మనవాడితో భయంకరంగా తలపడ్డాడట. తర్వాత వీళ్ళ జట్టులోకే వచ్చేశాడు. ఒకడు అమెరికావాడు, ఒకడు ఇంగ్లండువాడు, ఒకడు చైనావాడు, ఒకడు రష్యావాడు. అందరూ మొదట పోటీదార్లే. మావాడు తన రబ్బరు బొమ్మలు వరసగా పెట్టి చూపించాడు. "ఇతను ముందు ఎనిమీ. ఇప్పుడు ఫ్రెండ్. ఇతను కూడా ముందు ఎనిమీ. ఇప్పుడు ఫ్రెండ్." ఆ వరసంతా అంతే!

"మరి పక్కింటివాణ్ణి గడ్డిలో కుదేశావు కదా, వాడు ఫ్రెండా ఎనిమీనా?" అన్నాను.

వాడు తల వంచుకున్నాడు. కాసేపటికి, "వాడు నవ్వాడు" అన్నాడు.

"ఎందుకు నవ్వాడు?"

"నన్ను ఇక్కడ పడేసి పోతారని చెప్పి నవ్వాడు."

నా చేతిలో విసనకర్ర ఆగిపోయింది. అమ్మాయి లేచి కూర్చుంది.

అప్పుడు వాడు అసలు కథ చెప్పాడు. ఈ కండల వీరుడు నిజానికి ఒక గ్రహానికి యువరాజు. పసివాడిగా ఉన్నప్పుడు అమ్మానాన్నలతో ఆకాశనౌకలో వెళుతుంటే, వాళ్ళు వాణ్ణి పంది అనుకుని పొరపాటున భూమి మీద పడేశారట! అందుకే వాడు భూమి మీద ఒక్కడే పూరిపాకలాంటి ఇంట్లో పెరిగాడు. యువరాజునన్న సంగతి వాడికే తెలియదు. జపాన్ పిల్లలకి అది నవ్వొచ్చే ఘట్టం. కథ మొదట్లో అంతా హాస్యమే కదా! మావాడు మాత్రం ఆ మాట చెబుతూ నవ్వలేదు. చెప్పి, వాళ్ళమ్మ కడుపు వైపు చూసి, నన్ను అడిగాడు.

"అమ్మమ్మా, తవుడు అంటే ఏమిటి? నన్ను ఎన్ని కిలోలకి కొన్నారు?"

అర్థమైందాండీ? మనవాళ్ళకి ఒక సరదా ఉంది చూశారూ, "నువ్వు మాకు పుట్టలేదురా, తవుడుకి కొనుక్కున్నాం" అని పిల్లల్ని ఏడిపించడం! మనల్నీ అలాగే ఏడిపించారు, మన పిల్లల్నీ మనం ఏడిపించాం. అమ్మాయి వచ్చిన దగ్గర్నుంచి చూడవచ్చిన ప్రతి ఒక్కరూ వాణ్ణి ఆ మాటే అన్నారు. "చెల్లాయి పుడితే నిన్ను ఇక్కడ వదిలేసి అమ్మ విమానం ఎక్కేస్తుంది" అని ఇంకొకరు. వాడు బిక్కమొహం వేస్తే ముద్దొస్తున్నాడని బుగ్గలు గిల్లడం! ఎవరో దాకా ఎందుకు, అందరికంటే ఎక్కువసార్లు అన్నది నేనే. ఇక్కడి పిల్లలైతే ఆ మాట సరదా అని ఎలాగో పసిగడతారు. వాడికి మన భాషే సగం. పదాలు తెలుసు గానీ వాటి వెనక నవ్వు తెలియదు. అన్నవన్నీ నిజమనుకున్నాడు. ఇంటిల్లిపాదీ చెప్పినదాన్ని ఐదేళ్ళవాడు నమ్మక ఏం చేస్తాడు?

అందుకే మిగతా సినిమాలన్నీ వదిలేసి వాడు దీన్నే పట్టుకుని కూర్చున్నాడు. అమ్మానాన్నలు పడేసినవాడు, అందరూ నవ్వేవాడు చివరికి గెలుస్తాడు కాబట్టి! మూడు నెలలుగా వాడికి ధైర్యం చెబుతున్న ఆ ఒక్కణ్ణీ తీసుకెళ్ళి నేను బీరువాలో పెట్టి తాళం వేశాను. దెబ్బలాటలు చూసి పాడైపోతున్నాడని బాధపడ్డాను గానీ, వాణ్ణి అంతకంటే గట్టిగా కొట్టిన మాట నా నోట్లోంచి వచ్చిందేనని గ్రహించలేదు.

అమ్మాయి వాణ్ణి దగ్గరికి లాక్కుని ఏడుస్తూ కూర్చుంది. నాకేం చెప్పాలో తోచలేదు. చివరికి వాణ్ణి చెయ్యి పట్టుకుని వీధి చివర గేదెలున్న వాళ్ళింటికి తీసుకెళ్ళాను. కుడితి తొట్టి పక్కన తవుడు బస్తా ఉంది. గుప్పెడు తీసి వాడి చేతిలో పోశాను. "ఇదే తవుడు. గేదెలు తింటాయి. ఊళ్ళో తవుడంతా పోసినా నీ చిటికెనవేలు కూడా రాదు. అమ్మమ్మ అబద్ధం చెప్పింది. తప్పు" అన్నాను. వాడు అరచేతిలో తవుడు వాసన చూసి, మొహం అదోలా పెట్టి, గేదెకి పెట్టాడు. ఆ గేదె నాలిక తగలగానే కిలకిలా నవ్వాడు.

ఇంటికొచ్చాక వాడు పుట్టిన రోజు సంగతి చెప్పాను. బెజవాడ ఆస్పత్రిలో, తెల్లవారుజామున, బయట వాన. నర్సు గుడ్డలో చుట్టి తెచ్చి నా చేతుల్లో పెడితే, నా వేలు పట్టుకుని వదల్లేదని. వాడు మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు. వారం రోజులు రాత్రిపూట అదే కథ!

కథలు అక్కడితో ఆగుతాయా? మన దగ్గరా ఒక కండల వీరుడున్నాడని భీముడి కథ ఎత్తుకున్నాను. పసికందుగా ఉన్నప్పుడు పులిని చూసి కుంతి ఉలిక్కిపడి లేస్తే ఒళ్ళోంచి జారి బండ మీద పడ్డాడని, పగిలింది బండేనని చెప్పాను. "అమ్మ పడేసిందా?" అన్నాడు వెంటనే. "పడేయలేదు, జారిపోయాడు. వెంటనే ఎత్తుకుంది" అన్నాను. దుర్యోధనుడు విషం పెట్టి గంగలో తోయిస్తే, పాముల లోకంలో రసం తాగి ఇంకా బలంగా తిరిగొచ్చాడన్నాను. "మామిడి రసమా?" అన్నాడు! అయితే అయిందని ఒప్పుకున్నాను. విరాటుడి ఇంట్లో వంటవాడుగా చేరి, గరిటె పట్టిన చేత్తోనే పేరుమోసిన మల్లుణ్ణి మట్టి కరిపించాడంటే మాత్రం వాడి కళ్ళు పెద్దవయ్యాయి. వంట చేసే మల్లుడు వాడి జట్టులో లేడట. బొమ్మ గీసుకున్నాడు, చేతిలో గరిటెతో.

మర్నాడు మావారు హుషారుగా ఛోటా భీమ్ పెట్టారు. హైదరాబాదులో గ్రీన్ గోల్డ్ అనే సంస్థ పెట్టిన రాజీవ్ చిలకా గారి సృష్టే కదా ఆ లడ్డూల వీరుడు. 2008లో టీవీలోకి వచ్చి, 2012లో సినిమా హాళ్ళకీ ఎక్కాడు. ఆ మల్లుడు మాంసం అన్నం తింటాడు, వెల్లుల్లి తింటాడు, ఈ భీముడు లడ్డూ తింటాడు. చూశారా, దేశం ఏదైనా వీరుడి బలం వంటింట్లోంచే వస్తుంది!

ఇక దెబ్బలాటల మాటకొద్దాం. ఆ సినిమాల్లో మంచి ఉందన్నాను గానీ, మనిషిని తలకిందులుగా ఎత్తి కుదేస్తే మెడ విరుగుతుందన్నదీ అంతే నిజం. అది బొమ్మలకి చెల్లుతుంది, పిల్లలకి చెల్లదు. అందుకని పక్కింటి అబ్బాయిని పిలిచి ఇద్దరినీ కూర్చోబెట్టి రెండు నియమాలు పెట్టాను. కుస్తీ బొంతల మీదే, పెద్దవాళ్ళ ఎదురుగానే. మెడ, తల ముట్టుకోకూడదు, ఎత్తి పడేయకూడదు. ఎవరైనా "చాలు" అంటే ఆగిపోవాలి. రెండన్నాను గానీ మూడయ్యాయి కదూ! వాళ్ళు మూడూ ఒప్పుకున్నారు. చెప్పకుండా తాళం వేసినదానికంటే, చెప్పి పెట్టిన నియమమే ఎక్కువ రోజులు నిలిచింది.

ఇంటికొచ్చిన చుట్టాలెవరైనా "తవుడు..." అని మొదలెడితే, "మా ఇంట్లో ఆ మాట మానేశాం వదినగారూ" అని నవ్వుతూనే అడ్డుపడుతున్నాను. ఒకావిడ కొంచెం నొచ్చుకున్నారు. నొచ్చుకోనివ్వండి. పెద్దవాళ్ళ మనసుకి మందు పూయడం తేలిక.

జ్యేష్ఠంలో అమ్మాయి ప్రసవించింది. ఆడపిల్ల. పదకొండో రోజున పురిటిస్నానం అయ్యాక, పాపకి నుదుటి మీద ఇంత కాటుక చుక్క పెట్టాను, దిష్టి తగలకుండా. మావాడు మంచం పక్కన నిలబడి చూశాడు. వాడి వీరుల్లో చాలామందికి నుదుటి మీద ఏదో ఒక అక్షరం ఉంటుంది కదా! వాడి మొహం వెలిగిపోయింది.

"అమ్మమ్మా! పాప కూడా మా జట్టే!" అని అరిచాడు. జేబులోంచి ఒక బొమ్మ తీసి పాప తల దగ్గర పెట్టాడు. ఎవరిదనుకున్నారు? కొమ్ముల బఫెలోమాన్. "ముందు ఎనిమీ, ఇప్పుడు ఫ్రెండ్" అని నాకు మాత్రమే వినపడేలా చెప్పాడు. ఆ మాటకి అర్థం నాకూ వాడికీ తెలుసు. అమ్మాయికి ఇంకా చెప్పలేదు.

అక్కయ్యలూ, చెల్లెమ్మలూ! మీ ఇంట్లో పిల్లలు చూసే బొమ్మలు మీకు నచ్చకపోవచ్చు. నచ్చాలనీ లేదు. మాన్పించే ముందు ఒక్క గంట పక్కన కూర్చుని చూడండి, వాడికి దానిలో ఎవరు ఇష్టమో, ఎందుకిష్టమో అడగండి. ఒలిచే వెల్లుల్లి అక్కడే కూర్చుని ఒలవండి, పనీ అవుతుంది. ఆవకాయనే మూడో నాడు తిరగ కలిపి ఉప్పు సరిచూస్తామే, పిల్లాడి విషయంలో మాత్రం మొదటి రోజే మూతపెట్టి వాసెన కట్టేస్తే ఎలా?

అన్నట్టు, ఈ ఏటి వెల్లుల్లి ఆవకాయ బాగా కుదిరింది. వచ్చే నెల అల్లుడు వచ్చి ముగ్గురినీ తీసుకెళతాడు. డిస్కులిచ్చిన ఆ జపానాయనకి ఒక సీసా కడుతున్నాను. వెల్లుల్లి తిని ఎగిరే వీరుడి అభిమాని కదా, ఆమాత్రం కారం తట్టుకోకపోతాడా!